మావయ్య నీళ్ళ ప్లాంటుకు పట్టిన నాచు

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషంటే భయం ఉండేది కాదు. ఇప్పుడుంది. అర్థం తెలియని మాట ఎదురైనప్పుడు తెలిసినట్టే తలూపి దాటేసే ధైర్యం డిగ్రీ చేతికొచ్చిన కొత్తల్లో ఉన్నంతగా మనిషికి మళ్ళీ ఎప్పుడూ ఉండదనుకుంటాను. నరసరావుపేటలో బీకాం కంప్యూటర్స్ పూర్తిచేశానన్న ఒక్క కారణంతో మా బంధువర్గంలో ఇంగ్లీషుకు సంబంధించిన సమస్త వ్యవహారాలూ నా దగ్గరికే వచ్చేవి. బ్యాంకు మెసేజీలు, మాత్రల అట్టల వెనక రాతలు, కొత్త టీవీ అట్టపెట్టెలోంచి వచ్చే సన్నక్షరాల పుస్తకం, అన్నీ నేనే చదివి చెప్పేవాణ్ణి. సగం తెలిసి చెప్పేవాణ్ణి, సగం ధైర్యంతో చెప్పేవాణ్ణి. (మాత్రల విషయంలో మాత్రం ధైర్యం వాడేవాణ్ణి కాదు. మందుల షాపాయన్ని అడిగి చెప్పేవాణ్ణి.) అలాంటి నాకు ఒకే ఒక్క ఇంగ్లీషు మాట వల్ల, అదీ మంచిది అని చెప్పడానికి వాడే మాట వల్ల, ఊరు ఊరంతా నా మొహంలోకి చూసి ‘ఇంతకీ అర్థమేంది?’ అని నిలదీసే రోజు వస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ఉద్యోగం ఇంకా దొరకలేదు. ఖాళీగా ఇంట్లో ఉంటే నాన్న చూపులు తట్టుకోవడం కష్టంగా ఉందని, నకరికల్లు దాటి లోపలికి వెళ్తే వచ్చే ఊళ్ళో మా మేనమామ దగ్గరికి చేరాను. మావయ్య అప్పుడే గొడ్లచావిడి తీసేసి, ఆ జాగాలో తాగునీళ్ళ ప్లాంటు పెడుతున్నాడు. ఆ ఊరి బోరునీళ్ళ సంగతి చెప్పాలంటే, వాటితో కందిపప్పు ఉడకదు, టీ విరిగినట్టుంటుంది, పిల్లల పళ్ళ మీద పసుపు చారలు. కాబట్టి మంచినీళ్ళ ప్లాంటు అవసరమే. కానీ ఊళ్ళో అప్పటికే ఒక ప్లాంటు ఉంది. ఉన్నా లేనట్టే, ఎందుకంటే అది అవతలి పార్టీ వాళ్ళది. మా పల్నాడు ఊళ్ళ సంగతి మీకు తెలియంది కాదు. టీకొట్టు దగ్గర్నుంచి మంగలిషాపు దాకా అన్నీ రెండేసి ఉంటాయి. జనం ఎక్కువై కాదు, పార్టీలు రెండు గనక. మావయ్య వైపు వాళ్ళు అవతలివాళ్ళ నీళ్ళు తాగలేక, పక్క ఊరి నుంచి బళ్ళ మీద టిన్నులు మోసుకొచ్చుకునేవాళ్ళు. దాహానికి కూడా పార్టీ ఉంటుందని నేను అక్కడే నేర్చుకున్నాను.

ఆ అవతలి పార్టీకి ముందుండే మనిషి ఎవరో కాదు, మా అత్తయ్య సొంత అన్న. నాకు వరసకు పెదనాన్న. ఊరంతా ఆయన్ని మీసాలాయన అనేది, నేను మీసాల పెదనాన్న అనేవాణ్ణి (మనసులోనే). పంచాయతీ ఎన్నికల్లో బావాబావమరుదులు చెరోవైపు నిలబడి, మైకుల్లో నానామాటలూ అనుకుని, అప్పట్నుంచి మాటలు మానేశారు. పెదనాన్న బుల్లెట్టు బండి మీద మా వీధిలోంచే పోయేవాడు గానీ, మా గుమ్మం దగ్గరకొచ్చేసరికి మెడ అటువైపు తిప్పుకునేవాడు. ఆ బండి చప్పుడు వినపడగానే అత్తయ్య చేతిలో ఏ పనున్నా వదిలేసి వాకిట్లోకొచ్చి నిలబడేది. బండి వెళ్ళిపోయాక ఏమీ ఎరగనట్టు లోపలికొచ్చి, "కాకులు ఒడియాలు తింటన్నయ్యేమోనని చూశా" అనేది. మేం వడియాలు పెట్టని రోజుల్లో కూడా.

గుంటూరు నుంచి మిషను బిగించడానికొచ్చినతను పనంతా ముగించి చేతులు తుడుచుకుంటూ, "సార్, మీ మిషను టాప్ నాచ్ సార్" అన్నాడు. అంతే. మావయ్య ఆ మాట దగ్గరే ఆగిపోయాడు. అతను వెళ్ళీ వెళ్ళకముందే నన్ను పక్కకు పిలిచాడు.

"ఏందల్లుడూ ఆ మాట? టాపు... ఏందో అన్నాడే?"

"టాప్ నాచ్, మావయ్యా."

"అంటే?"

నాకు తెలియదు. ఎక్కడో విన్నాను, ఎక్కడో తెలియదు. కానీ నేను బీకాం కంప్యూటర్స్. "అంటే అన్నిటికంటే పైది. దాన్ని మించింది ఇంక లేదని" అన్నాను.

"ఫస్ట్ క్లాసు కంటే పైనా?"

"పైనే."

"ఏ వన్ కంటే?"

"ఏ వన్ దీని ముందర దిగదుడుపు."

మావయ్య మొహం వెలిగిపోయింది. ఎందుకంటే అవతలివాళ్ళ ప్లాంటు మీద ‘ఫస్ట్ క్లాస్ మినరల్ వాటర్’ అని పెద్దక్షరాలతో రాసి ఉంది. ఫస్ట్ క్లాసును తలదన్నే మాట కోసం ఆయన కొన్నాళ్ళుగా లోలోపల వెతుక్కుంటున్నాడట. మర్నాడే నన్ను వెంటేసుకుని నరసరావుపేట వెళ్ళి ఫ్లెక్సీ చేయించాడు. ఫ్లెక్సీ షాపతను, నీళ్ళంటే ప్రకృతి గదా అని వెనకంతా ముదురాకుపచ్చ రంగు వేసి, మధ్యలో తెల్లటి అక్షరాలతో ‘టాప్ నాచ్ వాటర్’ అనీ, దాని కింద ‘ఒక్కసారి తాగితే వదలరు’ అనీ పెట్టాడు. చూసి ముగ్గురం చాలా సంతోషించాం. ఆ క్షణంలో ఒక్కరికీ తోచలేదు. ఎందుకు తోచలేదో నాకు ఈనాటికీ అర్థం కాదు.

ప్లాంటు తెరిచిన రోజు కొబ్బరికాయ కొట్టి, మొదటి టిన్ను పక్కింటి అమ్మమ్మకు ఉచితంగా ఇచ్చాం. మా పార్టీ ఇంటి మనిషే. ఆమె టిన్ను అందుకుంటూ, చెయ్యి కళ్ళకడ్డం పెట్టుకుని ఫ్లెక్సీ వైపు చూసి, కూడబలుక్కుంటూ చదివింది. "టాపు... నాచు... వాటరు." మళ్ళీ చదివింది. తర్వాత టిన్ను మెల్లగా కింద పెట్టింది.

"ఏం నాయనా, ట్యాంకు పైన నాచు పట్టిందా? పడితే కడుక్కోవాల గానీ, ఇట్టా బోర్డు రాసి కట్టుకుంటారంటయ్యా?"

అక్కడున్నవాళ్ళంతా తలెత్తి ఫ్లెక్సీ వైపు చూశారు. నేనూ చూశాను. అంతవరకూ ఇంగ్లీషులా కనపడిన మాట నా కళ్ళముందే తెలుగైపోయింది. చకారానికి ఎంత పొల్లు పెట్టినా మనవాళ్ళ నోట్లో పడితే నాచ్ నాచే అవుతుంది. వెనక ఆ ఆకుపచ్చ రంగొకటి సాక్ష్యం. కింద ‘వదలరు’ అన్నది కూడా నాచు జిగురు గురించే రాసినట్టుంది.

"అది ఇంగ్లీషు పిన్నీ! మంచి నీళ్ళని అర్థం" అని మావయ్య కంగారుగా అన్నాడు.

"మంచి నీళ్ళయితే మంచినీళ్ళనే రాయచ్చుగా?" అని ఆమె వెళ్ళిపోయింది. టిన్ను అక్కడే ఉండిపోయింది.

సాయంత్రానికి కబురు ఊరంతా పాకింది. అవతలి పార్టీ టీకొట్టు దగ్గర దాని గురించే నవ్వులు. మా పార్టీ టీకొట్టు దగ్గర దాని గురించే వాదాలు. మావాళ్ళు తలొకరూ ఒక అర్థం చెప్పి మావయ్యను కాపాడబోయారు. ఒకాయన అది జపాను కంపెనీ పేరన్నాడు. ఇంకొకాయన, సముద్రంలో దొరికే ఖరీదైన నాచుతో నీళ్ళు వడగడతారని, అది గొప్ప వైద్యమని చెప్పాడు. (ఆయన సాయం వల్ల మాకు ఇంకొన్ని ఇళ్ళు పోయాయి.) రెండోరోజు టిన్నులన్నీ నిండుగా, మేం ఖాళీగా కూర్చున్నాం. అత్తయ్య గుమ్మంలో నిలబడి, "ఫస్ట్ క్లాసని రాసుకుంటే పోయేదిగా" అంది. "అది వాళ్ళ బోర్డు మీదుందే!" అని మావయ్య. "అయితే ఆ గుడ్డ పీకెయ్." "పీకితే నాచుందని ఒప్పుకున్నట్టేగా!" ఇలా ఏ వైపు నడిచినా గోడే. ఆయన నా వైపు తిరిగాడు.

"అల్లుడూ, నాకు ఆధారం గావాల. టాప్ అంటే పైన, అది తెలుసు. నాచ్ అంటే ఏందో ఫోన్లో చూసి చెప్పు. పదిమందిలో చూపిద్దాం."

చూశాను. చూడకుండా ఉండాల్సింది. నాచ్ అంటే ‘గాటు’ అని వచ్చింది. కత్తితో కర్ర మీద పెట్టే గాటు. టాప్ నాచ్ అంటే పై గాటు. నీళ్ళకు గాటేమిటి? పక్కనే ఉన్న మా పార్టీ మనిషి ఒకాయన నా భుజం మీదుగా తొంగిచూసి, "ఘాటా? ఏందీ, నీళ్ళు ఘాటుగా ఉంటయ్యంటనా?" అన్నాడు. మిరపకాయలు పండించే ఊరు. ఘాటంటే వాళ్ళకు చెప్పనక్కర్లేదు. "ఘాటు కాదు, గాటు" అని నేను, "రెండిట్లో ఏదైతే మాత్రం నీళ్ళలో ఎందుకుండాల?" అని ఆయన. చిత్రమేమిటంటే, మొదట మావయ్యకు నేను ధైర్యంగా చెప్పిన అర్థం మీద కూడా నాకు అప్పుడే నమ్మకం పోయింది. ఆ ఫిట్టరు మిషను బాగుందన్నాడా, లేక దానికి పైన ఎక్కడో గాటు పడిందని చెప్పి వెళ్ళాడా? ఆ అనుమానంతో లేచి వెళ్ళి మిషను పైభాగమంతా వేళ్ళతో తడిమి చూశాను. గాటేం లేదు. ఇంకా అయోమయం.

నకరికల్లు వెళ్ళి సెల్లు షాపులో నా స్నేహితుణ్ణి అడిగాను. ఫోన్లకు నెత్తి మీద నల్లటి గుంటతో మోడళ్ళు వచ్చి, అప్పుడప్పుడే పాతబడుతున్న రోజులవి. వాడు ఏ మాత్రం తడుముకోకుండా ఒక ఫోను తీసి, పైన కెమెరా దగ్గరున్న ఆ నల్లమచ్చను గోటితో చూపించి, "ఇదేరా టాపు నాచ్. దీన్నిప్పుడు తీసేస్తన్నారు, జనానికి నచ్చట్లా" అన్నాడు. నచ్చక తీసేస్తున్న దాన్ని మేం ఫ్లెక్సీ కట్టి మరీ ఊరికి చూపించామన్నమాట.

చివరి దిక్కుగా, ఆ ఊళ్ళోనే పదవీ విరమణ చేసి ఉన్న ఇంగ్లీషు మాస్టారింటికి మావయ్యా నేనూ వెళ్ళాం. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని, నిదానంగా, "అత్యుత్తమం. సర్వశ్రేష్ఠం. మీవాడు చెప్పింది సరైనదే" అన్నారు. నేను ఆనందంతో మావయ్య వైపు చూశాను. అక్కడితో లేచి వచ్చేస్తే బాగుండేది. మావయ్య ఆగలేదు.

"మరి గాటని వచ్చిందేంది మాస్టారూ?"

"గాటు కూడా సరైనదే."

"గాటు మంచిదెట్టా అయింది?"

మాస్టారు కళ్ళజోడు మళ్ళీ తీసి తుడిచారు. "పూర్వం లెక్కకోసం కర్రల మీద గాట్లు పెట్టేవాళ్ళంటారు. పై గాటంటే పై మెట్టని కావచ్చు. కాకపోనూవచ్చు. నేను ముప్పై ఏళ్ళు పిల్లలకు దాన్ని వాడమని చెప్పాను గానీ, ఎందుకో నన్నెవరూ అడగలేదయ్యా" అన్నారు. ఆయన మొహంలో కూడా కాస్త అయోమయం తొంగిచూసింది. మేం లేచి వస్తుంటే గుమ్మం దాకా వచ్చి, "మనుషులకూ పనితనానికీ వాడటం ఎక్కువ. నీళ్ళకు వాడతారో లేదో చూసి చెబుతాను" అన్నారు. దానితో మావయ్యకు ఉన్న కాస్త నమ్మకమూ పోయింది. దారిలో ఒకచోట ఆగి, "చెట్టంత మిషను పెట్టి, మాట దగ్గర బోల్తా పడ్డానేందిరా" అన్నాడు. నవ్వొచ్చేలా అనలేదు. గొడ్లను అమ్మేసి, బావ ముందు తలెత్తుకుని నిలబడాలని ప్లాంటు పెట్టుకున్న మనిషి.

ఇంటికొచ్చేసరికి వాకిట్లో జనం. మధ్యలో బుల్లెట్టు బండి. దాని పక్కన తెల్లటి ఖద్దరు పంచె, భుజాన తువ్వాలుతో మీసాల పెదనాన్న. అత్తయ్య గుమ్మం లోపల తలుపు పట్టుకుని నిలబడి ఉంది. పెదనాన్న మావయ్య వైపు చూడలేదు. గాలితో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"ఊళ్ళో పిల్లలు తాగే నీళ్ళు. నాచుందంటన్నారు, లేదంటన్నారు. ఎవురో ఒకరు ఎక్కి చూస్తే తేలిపోద్ది."

"చూసుకోమనండి!" మావయ్య కూడా గాలికే చెప్పాడు. "మావాడు తోడెక్కుతాడు. సాక్ష్యానికి."

మావాడంటే నేనే. నీళ్ళ ట్యాంకు ప్లాంటు గది స్లాబు మీద ఉంది. గోడకు ఇనప నిచ్చెన. పెదనాన్న చెప్పులు విప్పి ముందు ఎక్కాడు, వెనక నేను. కిందనుంచి ఊరంతా మెడలెత్తి చూస్తోంది. ఆయన మూత తీసి లోపలికి తొంగిచూశాడు. ఫోను లైటు వెయ్యమన్నాడు, వేశాను. అడుగు దాకా కనపడుతోంది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఆయన మూత వేసి, ట్యాంకు వెనక్కి కూడా వెళ్ళి చూద్దామని రెండడుగులు వేశాడు. అక్కడ కట్టుబడి రోజుల నుంచీ పొంగు నీళ్ళు పోయే గొట్టం కారి కారి, స్లాబంతా పట్టుపరుపులా పచ్చగా నాచు పట్టి ఉందని నాకు తెలియదు, ఆయనకూ తెలియదు. కాళ్ళు రెండూ ఒక్కసారి ముందుకు వెళ్ళాయి. మనిషి వెనక్కి కూలబడ్డాడు. నేను రెక్క పట్టుకున్నాను గనక స్లాబు అంచు దాకా జారకుండా ఆగాడు. ట్యాంకు చాటున ఉండడం వల్ల కిందవాళ్ళకు ఏమీ కనపడలేదు.

"ఏమైంది?" అని కిందనుంచి కేక.

నేను నోరు తెరవబోయాను. పెదనాన్న చెయ్యెత్తి ఆపాడు. ఆయన నాచు వైపు చూశాడు, నా వైపు చూశాడు. లేచి నిలబడి వెనక్కి చెయ్యి పెట్టి చూసుకున్నాడు. తెల్లటి పంచె వెనకంతా ఫ్లెక్సీ రంగు.

"దెబ్బ తగిలిందా పెదనాన్నా?"

"తగిల్లా. నువ్వు మాట్టాడమాక." మీసం కిందనుంచి గొంతు తగ్గించి అన్నాడు. "నేను పడ్డా అని కింద చెబితివా, నాచుందని నేను చెబుతా. చెప్పవా, నేనూ చెప్పను."

"చెప్పను పెదనాన్నా."

"ఆ గొట్టం మాత్రం రేపు బాగుచేయించండి. మీ మావయ్య ఎక్కుతా ఉంటాడుగా ఈడికి. నడుం ఇరగ్గొట్టుకుంటాడు."

భుజం మీది తువ్వాలు తీసి, వెనక మరక కనపడకుండా నడుముకు చుట్టి బిగించుకుని నిచ్చెన దిగాడు. కిందవాళ్ళు అది చూసి కొట్లాటకు సిద్ధమయ్యాడనుకుని నాలుగడుగులు వెనక్కి వేశారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ట్యాంకులో నాచు లేదు. నీళ్ళు తేటగా ఉన్నయ్."

"మరి బోర్డు మీదుందిగా?" అని ఆయన వర్గంలోంచే ఒకాయన.

"అది ఇంగ్లీషు నాచురా. మన నాచు ఏరు."

"అయితే ఇంగ్లీషు నాచంటే ఏంది?"

పెదనాన్న ఠక్కున నా వైపు తిరిగాడు. ఊరంతా నా వైపు తిరిగింది. గాటు, ఘాటు, నల్లమచ్చ, కర్రలు, అన్నీ ఒక్కసారిగా నా నాలుక చివరికి వచ్చి ఇరుక్కున్నాయి. "మంచిదని" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. "ఆఁ, మంచిదని" అని పెదనాన్న గట్టిగా చెప్పి, బండి వైపు ఒక అడుగు వేసి ఆగిపోయాడు. బుల్లెట్టు ఎక్కాలంటే నడుముకు బిగించిన తువ్వాలు విప్పాలి. విప్పితే ఊరికి వెనకభాగం కనపడుతుంది. తువ్వాలుతో కాలు ఎత్తలేడు. ఆయన అలాగే, ఏదో దీర్ఘంగా ఆలోచిస్తున్నవాడిలా, బండి మీద చెయ్యేసి నిలబడిపోయాడు. జనం కదలరు. ఆయన కదల్లేడు. నాకు తెలుసు, చెప్పలేను.

అత్తయ్య గుమ్మంలోంచి దిగి వచ్చింది. తువ్వాలు అంచు కింద వేలెడంత పచ్చదనం తొంగిచూస్తోంది. ఆమె అది చూసింది.

"ఎండనబడి వచ్చావు. లోపలికొచ్చి మజ్జిగ తాగి పో, అన్నాయ్."

ఎన్నికల తర్వాత ఆ ఇంట్లో ‘అన్నాయ్’ అన్న మాట వినపడటం అదే మొదటిసారి. పెదనాన్న వెనక్కి తిరక్కుండా, పక్కనడకలో, గోడ వారగా ఇంట్లోకి వెళ్ళాడు. జనం నోళ్ళు తెరిచి చూశారు. మావయ్య అందరికంటే ఎక్కువ తెరిచాడు. కాసేపటికి పెదనాన్న మా మావయ్య పంచె కట్టుకుని వచ్చి, వసారాలో మంచం మీద కూర్చున్నాడు. ఆ పంచె అంచు మా పార్టీ రంగు. అది చూసి వాకిట్లో ఉన్న రెండు పార్టీలవాళ్ళూ ఏం అనుకోవాలో తెలియక ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని, మెల్లగా ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు.

"ఏంది అల్లుడూ, పైన ఏం జరిగింది?" అని మావయ్య నా చెవిలో. "ఏం జరగలా మావయ్యా." "మరి నా పంచె ఎందుకు కట్టుకున్నాడు?" "ఏమో మావయ్యా." బావ పక్కన కూర్చోవాలో వద్దో తెలియక ఆయన వసారాలో అటూ ఇటూ తిరిగాడు. చివరికి పెదనాన్నే మంచం మీద కాస్త జరిగి, "కూకో బావా, మీ ఇల్లేగా" అన్నాడు. దొడ్లో రుబ్బురోలు పక్కన అత్తయ్య ఆ ఖద్దరు పంచెను సబ్బేసి రుద్దుతోంది. పచ్చమరక ఎంతకీ వదలడం లేదు. ఆమెకు అదేం కష్టంగా ఉన్నట్టు లేదు. రుద్దుతూ నవ్వుకుంటోంది, మధ్యమధ్య మోచేత్తో కళ్ళు తుడుచుకుంటోంది.

ప్లాంటు తర్వాత బాగానే నడిచింది. గొట్టం బాగుచేయించాం. ఫ్లెక్సీ ఎండకు పొడిగా రాలిపోయేదాకా అలాగే ఉంది. నాకు గుంటూరులో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు మా ఆఫీసులో ఆ మాట పూటకొకసారి వినపడుతుంది. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి ఏదో కాగితం పట్టుకొచ్చి, "సార్, ఇక్కడ టాప్ నాచ్ అని రాయొచ్చా, సరిపోతుందా?" అని అడిగింది. నేను వెంటనే చెప్పలేకపోయాను. ఏదో సందేహం ఉందనుకుని ఆ పిల్ల నా మొహంలోకి చూస్తూ నిలబడింది. ఒకప్పుడు ఇదే మాట అడిగితే, అర్థం తెలియకుండానే, క్షణం ఆలోచించకుండా, ఏ వన్ దీని ముందర దిగదుడుపని చెప్పిన కుర్రాడొకడు నాకు బాగా తెలుసు. వాడు చెప్పింది సరైనదే. ఇప్పుడు నాకు అర్థం తెలుసు, వాడకం తెలుసు, దాని వెనక కర్రల కథ కూడా కొంత తెలుసు. వాడికున్న ఆ ధీమా మాత్రం, ఎంత వెతికినా, నా దగ్గర లేదు. "రాయమ్మా, బాగుంటుంది" అని చెప్పి, ఆ అమ్మాయి వెళ్ళాక నాలో నేనే కాసేపు నవ్వుకున్నాను.